మేలో అమ్మాల్సిన ఇల్లు

"మేలో చూపించండి మేడమ్" అన్నాడు బ్రోకర్ తణికాచలం,
"మేలో ఏ ఇల్లయినా బంగారమే."
నిజమే. మేలో మా ఇల్లు
పెళ్ళిచూపులకి కూర్చోబెట్టిన పిల్లలా
నోరు తెరవదు.

కోవిలంబాక్కంలో రెండడుగులు తవ్వితే
చెరువు ఇంకా అక్కడే ఉంది.
కాగితాల మీద ఎప్పుడో ఎండిపోయింది గాని
నీటికి చదువు రాదు కదా.
ఐప్పసి వానలకి లేచి తన చోటు తనకిమ్మంటుంది.
ముందు వెనక బాత్రూములో గుడగుడ,
తరవాత నాపరాళ్ళ సందుల్లో నల్లటి చెమ్మ,
ఆ పైన మేం నలుగురం తిన్నదంతా, కడుక్కున్నదంతా
మెల్లగా వెనక్కి నడిచొచ్చి
గడప దగ్గర నిలబడుతుంది.

పదమూడేళ్ళు.
ఫినాయిలు, అగరొత్తులు, వాటి మీద కాఫీ వాసన.
చుట్టాలొస్తే, "వీధిలో డ్రైనేజీ పని జరుగుతోంది."
వీధిలో ఏ పనీ జరగలేదు.
ఒక ఎన్నికల ముందు పైపులొచ్చి పడుకున్నాయి,
వాటిల్లో కుక్క రెండుసార్లు ఈనింది.

ఎళుమలై లారీ రాత్రి పదకొండు దాటాకే వచ్చేది.
ఇంజను మొదలవగానే వీధంతా
ఒక్కొక్క కిటికీ మూసుకునేది.
ఒకసారి గొట్టం అడ్డుపడింది.
అతను మూత జరిపి చొక్కా విప్పాడు.
నేను వద్దన్నాను.
ఎంత గట్టిగా అన్నానో
ఇప్పటికీ తేల్చుకోలేను.
తొడల దాకా దిగాడు.
మా ఇంటిని లోపలినుంచి చూసింది అతనొక్కడే.
పైకొచ్చి నీళ్ళడిగితే
పాత బాటిల్లో పోసిచ్చాను, పారెయ్యొచ్చని.
తాగి, మూత బిగించి,
గేటు మీద జాగ్రత్తగా నిలబెట్టి వెళ్ళాడు.

ఇవాళ కొనేవాళ్ళు వచ్చారు.
ఆ అమ్మాయి పేరు ఇసక్కి, తిరునెల్వేలి వైపు,
ఆరో నెల.
వంటగది చూసింది, ఎండ ఎటు పడుతుందో అడిగింది,
వెనక్కొచ్చి, "ఈ చప్టా ఎందుకక్కా?" అంది.
చప్టా చుట్టూ బంతి కుండీలు,
తణికాచలం నిన్న అద్దెకి తెచ్చినవి.
"సాయంత్రం కూర్చోడానికి" అన్నాడతను, నాకన్నా ముందే.
ఆమె కూర్చుంది.
కాళ్ళు చాపుకుని
గాలి బాగుందంది.

అడ్వాన్సు ముట్టింది.
పెయింటర్ కుర్రాడు స్విచ్‌బోర్డు పక్కన ఆగాడు.
అక్కడ పెన్సిలుతో ఒక నంబరు,
మూడుసార్లు మారి, మూడుసార్లు దిద్దిన నంబరు.
ఎళుమలై. లారీ. రాత్రి మాత్రమే.
"కొట్టెయ్యనా అమ్మా?"

ఆ జానెడు వదిలెయ్యమన్నాను.
పెన్సిలు వెతికి తెచ్చుకుని
నాకొచ్చిన వంకర తమిళంలో కింద రాశాను:
ఐప్పసికి ముందే పిలవాలి.
దిగనివ్వకూడదు.
నీళ్ళు గ్లాసుతో ఇవ్వాలి.

కుర్రాడు కూడబలుక్కుని చదివి
నా మొహం చూశాడు.
చేతిలో బ్రష్షునుంచి
తెల్లరంగు నేల మీద పడుతోంది.