పదికి ఏడు

మా చిన్నది సగంలో వదిలేసిన రెండో తరగతి కాపీ ఇది.
అట్ట మీద ఎక్కాలు,
లోపల ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం దాకా
నా కారు ఆగిన ప్రతి చార్జింగు పాయింటూ.

ఆకుపచ్చ బోర్డు వాళ్లది
యూనిట్ ఇరవై రెండు.
అరవై కిలోవాట్లని గొప్పగా రాసుంటుంది.
పక్క గన్నుకి ఇంకో బండి తగిలించారా,
అన్నదమ్ముల పొలం లెక్క: చెరి సగం.

నీలం బోర్డు చౌక, పద్దెనిమిదే.
కానీ ముందు వాలెట్లో ఐదొందలు వెయ్యాలి.
మిగిలిన నూట ముప్పై ఏడు
చుట్టానికిచ్చిన చేబదులు.
అడగలేం, మర్చిపోలేం.

దాబా వెనకది ఫోన్లో పచ్చగా వెలుగుతూ పిలుస్తుంది.
తీరా వెళ్తే మిషను మీద యూరియా సంచి.
సంచి తీసినా ఓటీపీ రాదు,
దాని కోసం ఫోను పైకెత్తి
సరుగుడు తోట దాకా నడవాలి,
దేవుడికి హారతి చూపించినట్టు.

బంకులోది బాగానే ఉంటుంది,
ఎవరో పెట్రోలు కారాయన
దాని ముందే బండి నిలిపి
పెసరట్టుకి పోకపోతే.

ఇవన్నీ ఎందుకు రాస్తానంటే
మంగళవారం, శుక్రవారం
నా బండిలో ఉద్దానం నుంచి నలుగురు ఎక్కుతారు.
దగ్గర్లో బెడ్డు ఖాళీ లేక
అంత దూరం పోయి
నాలుగేసి గంటలు మిషనుకి చెయ్యి అప్పగించి వస్తారు.
తిరుగు దారిలో కారుకి ఆకలేస్తుంది.
వాళ్లు దిగి నిలబడతారు,
నిలబడలేనివాళ్లు డోరు తీసి కూర్చుంటారు.

వాళ్లలో మడ్డు దాలమ్మ
జీడిపప్పు బట్టీలో పాతికేళ్లు చేసింది,
వేళ్ల చివర్లు ఇంకా నల్లగానే ఉంటాయి.
ఒకరోజు నా పుస్తకం లాక్కుని
"ఇందులో ఏటి రాస్తన్నావు బావూ?" అంది.
చదివి వినిపించాను.
ఎనభై దాటాక మిషను నత్తనడక నడుస్తుందనీ
తెలిసినవాడు ఎనభైకే పీకేస్తాడనీ చెప్పాను.
"మాకూ అంతే.
ఉన్న నీరంతా ఒక్కపాలే లాగీసినారంటే
కళ్లు తిరిగీవా?" అంది.

తర్వాత తనే మొదలెట్టింది.
ఒక చోట సిస్టరు చెయ్యి తేలిక,
సూది దిగినట్టే ఉండదు.
ఒక చోట ఏసీ ఎముకలు కొరుకుతుంది.
ఇంకో చోట కరెంటు పోయి
జనరేటరు అందుకునేదాకా
చక్రం చేత్తో తిప్పారట,
తన నెత్తురు తన కళ్ల ముందే ఆగి ఆగి కదిలిందట.
"అది కూడా రాసీ.
మా ఎనకొచ్చినోలికి పనికొస్తాది."

పుస్తకం తిరగేసి
వెనక నుంచి ఆవిడవి రాయడం మొదలెట్టాను.

మొన్న ఆకుపచ్చ బోర్డు దగ్గర
ముప్పై నాలుగు దగ్గర మిషను బిగిసిపోయింది.
గన్ను పీకాను, పెట్టాను, పీకాను.
హెల్ప్‌లైన్లో ఒకమ్మాయి హిందీలో ఓపిగ్గా క్షమాపణ చెప్పింది.
ఆ చీకట్లో దాలమ్మ
ఎడమ మోచేతి కింద ఉబ్బిన నరం చూపించి
"ఇక్కడ చెయ్యెట్టి చూడు" అంది.
పెట్టాను.
లోపల సన్నగా గుయ్‌మంటోంది,
చార్జింగెక్కే బండి బానెట్టు మీద
అరచెయ్యి ఆనించినప్పటి గుయ్.
"ఇది ఆగితే మరి ఏ పాయింటుకెళ్లినా లాభం లేదు"
అని నవ్వింది.
నాకు నవ్వాలో వద్దో తెలియలేదు.
అప్పుడే మిషను టక్కుమంది.
ముప్పై అయిదు.

నిన్నటి పద్దు:
నరసన్నపేట దాటాక కొత్తది.
నూట ఇరవై, నిజంగానే నూట పది ఇస్తోంది.
యూనిట్ పంతొమ్మిది. వాలెట్టు గొడవ లేదు.
బెంచీ ఉంది, నీడ లేదు.
మరుగుదొడ్డి తాళం టీకొట్టు కుర్రాడి దగ్గర.

కింద దాలమ్మ చెప్పి రాయించింది:
పదికి ఏడు.
ఎదురుగా కొబ్బరిబొండాల బండి పెట్టనిచ్చినందుకు
మూడు కోత.