దస్తూరి

పుటకు ఆరు పెన్నీలు నా కూలి.
అందుకే నా దస్తావేజుల్లో మాటలు కాస్త ఎక్కువ.

సిరా నేనే కాస్తాను.
ఓక్ కొమ్మల మీద కణుతుల్లా లేచే కాయలు దంచి
తుప్పు మేకులు కలిపి, మూడు రోజులు ఎండలో పెట్టి.
హద్దుకు నిలబడ్డ చెట్లే
కాగితం మీదా వచ్చి నిలబడతాయి.

ఇవాళ అమ్మేవాడు హెజకయా ప్రూయిట్.
కొనేవాడు యోస్ట్ హెఫ్లింగర్,
జర్మన్‌లో లెక్కపెట్టి ఇంగ్లీషులో డబ్బిచ్చే మనిషి.
అలెగెనీ కొండల కింద నూట ఎనభై ఎకరాలు,
ఒక దుంగల ఇల్లు,
సగం నరికిన అడవి, సగం నరకాల్సిన అడవి.

"వాగు ఒడ్డున మూడు గాట్లున్న తెల్ల ఓక్ దగ్గర మొదలై
తూర్పుగా నలభై గొలుసులు, ఊట పక్కన జంట హికరీల దాకా,
అక్కణ్ణుంచి దక్షిణంగా మెక్‌క్రోరీ కంచె వెంబడి రాళ్ళగుట్ట దాకా,
అక్కణ్ణుంచి వాగు ఎటు తిరిగితే అటు తిరిగి
మొదలైన చోటికి."

తర్వాతి వాక్యం కళ్ళు మూసుకుని రాస్తాను:
"పుత్రపౌత్ర పారంపర్యంగా
ఆచంద్రతారార్కం అనుభవించగలవాడవు."
ఈ ఒక్క నేలకే ఇది రాయడం నాలుగోసారి.
నా లెక్కలో సూర్యచంద్రుల ఆయుర్దాయం
సగటున ఆరేళ్ళు.

చట్టం ప్రకారం మొగుణ్ణి గుమ్మం బయట నిలబెట్టి
భార్యను విడిగా అడగాలి.
కెజయా వచ్చి కూర్చుంది. చదివి వినిపించాను.
"ఆ తెల్ల ఓక్ లేదు" అంది.
"పోయిన వేసవిలో పిడుగు పడింది.
మిగిలింది నేనే పొయ్యిలో పెట్టాను.
ఆ బూడిదతో సబ్బు కాచాను."

మేజిస్ట్రేటు కాగితం వైపు చూశాడు.
"ఇందులో ఉందా?"
"ఉందండీ."
"అయితే ఉన్నట్టే."

ఆమె తన చేతులు చూసుకుంది,
ఎర్రగా, తెల్లగా, సబ్బునీళ్ళకు నాని.
"ఇష్టపూర్వకంగానేనా అమ్మా?
భర్త బెదిరించలేదు కదా?"
"బెదిరించలేదు.
అడగనూ లేదు."

ఇష్టపూర్వకంగా, అని రాశాను.
రెండో మాటకు ఈ ఫారంలో చోటు లేదు.
ఆమె నిశానీ పెట్టింది. ఒకదాన్నొకటి కోసుకునే రెండు గీతలు,
రెండోది కాగితం అంచు దాటి బల్ల మీదికి పోయింది.
తుడిచాను, పోలేదు.

బయట ఎండలో హెజకయా మూట విప్పాడు:
ఒక మట్టిగడ్డ, ఒక ఆపిల్ రెమ్మ.
పాత ఆచారం. చట్టం ఇప్పుడు అడగదు, అయినా తెచ్చాడు.
యోస్ట్ రెండు చేతులా అందుకుని వాసన చూశాడు.
గడ్డలోంచి వానపాము ఒకటి జారి పడింది.
అది ఏ పక్షమో ఎవరూ అడగలేదు.

రాత్రి దీపం దగ్గర నకలు రాసుకుంటున్నాను.
ఈ నేలకు అన్నింటికన్నా పాత కాగితం అడుగున
లెనాపే పెద్ద ఒకాయన వేసిన తాబేలు ఉంది.
ఆయన పేరు మా గుమాస్తాలు మూడు రకాలుగా రాశారు.
తాబేలు మాత్రం ఒక్కటే.
మొదటి అమ్మకం నకలులో దాన్ని శ్రద్ధగా దించాను, చిప్ప మీద పదమూడు గళ్ళతో.
రెండోసారి గళ్ళు ఏడు.
మూడోసారి గుడ్డు లాంటి ఒక గీత.
ఇవాళ "నిశానీ" అని అక్షరాల్లో రాసి ఊరుకున్నాను.

చెయ్యి ఊరుకోలేదు. అంచులో చిన్నది ఒకటి గీసింది.
కత్తితో గీకేశాను.
అక్కడ కాగితం పల్చబడి
అవతలి దీపం కనబడుతోంది.

పుటలు నాలుగు. రెండు షిల్లింగులు ముట్టినవి.
హెఫ్లింగర్ తన నాణేలను తానే కొరికి చూసి ఇచ్చాడు.

ఇట్లు,
దస్తూరి: ఎబెనెజర్ టల్లీ.