ఒంటి చెప్పు

మా ఆయన షౌకీ వారానికి ఆరు రోజులు
ఇంబాబా నుంచి రమ్సీస్‌కి మైక్రోబస్సు తోలతాడు.
ఏడో రోజు పడవలో కూర్చోబెట్టినా
కుడికాలు ఉద్యోగం మానదు:
ఎదురుగా ఏ పడవ వచ్చినా
లేని బ్రేకు మీద గట్టిగా నొక్కుతుంది.

శుక్రవారం. జులై నెల.
తెల్లారేసరికే కైరో పెనంలా కాలుతోంది,
కుళాయి తిప్పితే తిన్నగా టీ కలుపుకోవచ్చు.
"కనాతిర్ వెళ్దాం" అన్నాను.
అక్కడ ఆనకట్టల పక్కన గడ్డి ఉందనీ
గడ్డి మీద నీడ ఉందనీ
ఆ నీడకి గంటకింతని ఎవరూ అద్దె అడగరనీ
చిన్నప్పుడెప్పుడో ఎవరో చెబితే విన్నాను.

తువ్వాలు చుట్టిన మాకరోనీ పళ్లెం,
ఒక పుచ్చకాయ,
దాన్ని మోయడానికి మరిది ఫత్హీ,
గాలి కొట్టని ఈతచక్రం మెడలో వేసుకుని మా రహ్మా.
అత్త హమ్‌దియా ఎక్కడికని అడగలేదు.
పెట్టెలోంచి పండగ చెప్పులు తీసింది,
పచ్చటివి, బొటనవేలి దగ్గర ఇత్తడి పువ్వు.

మాస్పెరో రేవులో ఒకటే తోపులాట.
పై అంతస్తులో స్పీకరు,
దాని ముందు చొక్కా విప్పేసిన కుర్రాళ్లు.
ఎవరో ఒలిచిన గింజల పొట్టు
గాలికి లేచి నా తలగుడ్డలో చిక్కుకుంది.
నది మాత్రం మా గోల పట్టనట్టు
వేళకి ఆఫీసు చేరాల్సిన గుమాస్తాలా
ఉత్తరానికి నడిచి పోతోంది.

వర్రాక్ దీవి దగ్గర
కాళ్ల కింద గర్రుమంది.
పడవ మేటెక్కింది.
సరంగు నడుంలోతు నీళ్లలోకి దిగి తిట్టాడు,
ముందు ఇసకని, తర్వాత ఇంజనుని,
చివర్న గొంతు తగ్గించి
పైన నీళ్లు ఆపిన వాళ్లెవరినో, పేరెత్తకుండా.
"ఎడమకి కొట్టి వెనక్కి తియ్యి!"
ఎవరూ అడక్కుండానే లేచాడు షౌకీ.
ఆ వారంలో అతని మొహం వెలగడం అదే మొదలు.

గంట సేపు అందరం గడియారాలు చూసుకున్నాం.
రెండో గంటలో పళ్లేల మీద తువ్వాళ్లు లేచాయి.
పక్క బెంచీ మరీనా వాళ్లు ఊరగాయ సీసా ఇటు జరిపారు,
మా మాకరోనీ అటు వెళ్లి, ఖాళీ పళ్లెమై తిరిగొచ్చింది.
కత్తి మర్చిపోయాను.
ఫత్హీ పుచ్చకాయని రేలింగుకేసి కొట్టాడు,
సగం మాకు, సగం చేపలకి.

అప్పుడు మా అత్త
కమ్మీల సందులోంచి కాళ్లు కిందికి వేలాడేసింది.
డెబ్బై ఏళ్ల మడమలు
నీటికి జానెడు పైన.
ఎడమ చెప్పు జారింది.
అయ్యో అన్నాం అందరం. ఆవిడ అనలేదు.
చెప్పు ఒక్క మునక వేసి తేలింది,
కొట్టుకుపోతున్న గుర్రపుడెక్క తెప్ప మీద
దర్జాగా కూర్చుంది.
దూకుతానన్నాడు ఫత్హీ. వాడికి ఈత రాదు.
"నానమ్మా, ఎక్కడికెళ్తోంది?"
"కనాతిర్‌కి."
పొద్దుటి నుంచీ ఆవిడ నోరు విప్పడం అదే.
ఇత్తడి పువ్వు కనుమరుగయ్యేదాకా
ఎవరూ పాట పెట్టలేదు.

సాయంత్రానికి ఇంకో పడవ వచ్చి తాడు కట్టి లాగింది.
లాగడం లాగడం కైరో వైపే లాగింది.
టిక్కెట్టు డబ్బులిమ్మని సగం మంది అరుపులు,
మిగతా సగం మళ్లీ గంతులు.
నా భుజం మీద షౌకీ నిద్రపోయాడు.
కాలికేసి చూశాను:
ఎదురుగా ఎన్ని పడవలొచ్చినా
అదీ నిద్రపోతోంది.

రేవులో రబ్బరు చెప్పులు కొంటానన్నాం.
వద్దంది.
ఒక కాలు పచ్చగా, ఒక కాలు ఉత్తదిగా
వంతెన దాటింది, వేడి తారు మీద
ఒక అడుగు టక్కుమంటూ, ఒక అడుగు చప్పుడు లేకుండా.
దారిలో శనగల పులుసు తాగింది, మారు వేయించుకుని.
ఇంటికొచ్చి ఆ ఒక్కదాన్నీ తుడిచి
పెట్టెలో జతకి చోటు వదిలి పెట్టింది.

రాత్రి కరెంటు పోయింది.
మేడ మీద పరుపులు పరిచాం.
రహ్మా ఈతచక్రానికి ఊపిరంతా ఊది
తలకింద పెట్టుకుంది.
అక్కడ గడ్డి ఉందో లేదో
నాకింకా తెలీదు.