పసుపు గీత

నా పని గీత గీయడం.
షాపులో రెంచి పట్టే చేతులు ఎనిమిదున్నాయి.
నాకు మాత్రం ఒక పసుపు మైనపు పెన్సిలు,
గోడకంటించిన పాత ఫోటో ఒకటి.
ఇంజను వెనకాల రేకు మీద
అరవై తొమ్మిదిలో, లైన్లో, ఎవరో గీకిన గుర్తు:
ఓ సున్నా, దానికి కుడివైపు తోక.
దాన్ని అచ్చు గుద్దినట్టు దించాలి.
తొందరలో గీసినట్టు కనబడాలి,
అందుకు నాకు నలభై నిమిషాలు పడుతుంది.

కారు పేరు జడ్జి.
రంగు పేరు కేరసెల్ రెడ్, చూస్తే కమలాపండు.
చిన్న బండిలో పెద్ద ఇంజను పెట్టకూడదని
కంపెనీ రూలు రాసుకున్న రోజుల్లో
దాన్ని ‘ఆప్షన్’ అని కాగితం మీద రాసి
పైవాళ్ళ కళ్ళుగప్పి దాటించారట, అరవై నాలుగులో.
ఆ దొంగ ముహూర్తంలో మొదలైన వంశం.
ఐదేళ్ళకి దీనికి వెనక రెక్క మొలిచింది,
పక్కల మీద చారలు దిగాయి.
శుక్రవారం రాత్రుళ్ళు వుడ్‌వర్డ్ అవెన్యూ మీద
ఒక ఎర్రదీపం నుంచి ఇంకో ఎర్రదీపం దాకా పందెం.
గెలిచినవాడికి హాంబర్గర్,
ఓడినవాడికి ఎదుటివాడి టైరు పొగ.

తర్వాత ఇన్సూరెన్సువాళ్ళు కుర్రాళ్ళ వయసు అడగడం మొదలెట్టారు.
డెబ్బై మూడు చలికాలం. బంకుల ముందు బారులు.
ఈ ఏనుగుని ఎవడు మేపుతాడు?
ఒహాయో రైతొకడు ఆరొందల డాలర్లిచ్చి
మొక్కజొన్న కొట్టంలోకి తోయించాడు.
సీటు స్ప్రింగుల్లో ఎలకలు కాపురం పెట్టాయి.
అవి కొరకగా మిగిలిన ఫ్యాక్టరీ కాగితం,
ఈ బండి జాతకం,
ఇప్పుడు రెండు గాజు పలకల మధ్య ఉంది.
దాన్ని ముట్టుకోవాలంటే తొడుగులు వేసుకోవాలి.

ఓనరు హాల్ వెస్టర్‌లింక్ పళ్ళ డాక్టరు.
“నంబర్లు కలిశాయి” అంటాడు
ఇంజను మీది అంకె, చట్రం మీది అంకె చూపించి,
సంబంధం ఖాయమైన ఇంట్లోవాడిలా.

ఆగస్టు. పాంటియాక్ ఊరి బయట పచ్చిక మీద ప్రదర్శన.
తాడు దాటి ఓ ముసలాయన వచ్చాడు.
ఆల్ఫియస్ గ్రిగ్స్‌బీ. ఇస్త్రీ చొక్కా, చంకలో మడత కుర్చీ.
బానెట్ కింద వంగి చాలాసేపు చూసి
“తోక తప్పు” అన్నాడు.
“ఫోటోలో ఇలాగే ఉంది సార్.”
“అది పగటి షిఫ్టువాడిది. ఈ రంగువి రాత్రే వచ్చేవి.
రాత్రి నేను. నాది ఎడమచెయ్యి.”
కాసేపాగి, “ఇది రాతా ఏమిటి,
బోల్టులు బిగించాను, ఇక పో, అని చెప్పడం.
నిమిషానికో బండికి.”

నా గీత తుడిచి పెన్సిలు ఆయనకిచ్చాను.
వేళ్ళు వణికాయి, రేకు తగిలే దాకా.
తగిలాక, సర్రుమని ఒక్కటే.
నేను రెప్ప వేసి తెరిచేసరికి తోక ఎడమవైపు ఉంది.

టార్చి పట్టుకుని మార్కులేసే ఆవిడ వచ్చింది.
వంగింది. చేతిలోని ఫోటో చూసింది.
“గుర్తు నమూనాతో సరిపోలేదు. రెండు పాయింట్లు.”
కారూ జడ్జే, తీర్పరీ జడ్జే.
సాక్షి పక్కనే నిలబడి నవ్వుకుంటున్నాడు,
ఆయన్నెవరూ బోనెక్కమనలేదు.
హాల్ నా చేతిలో గుడ్డ వంక చూశాడు.
నేను దాన్ని వెనక జేబులో కుక్కుకున్నాను.

“ఒక్కసారి స్టార్ట్ చేస్తావా, డాక్టర్?
లైను చివర అరనిమిషం వినేవాళ్ళం, అంతే.
గేటు దాటాక ఎలా అరుస్తుందో నాకు తెలీదు.
నేను కొనుక్కున్నది నాలుగు తలుపుల టెంపెస్ట్,
అదీ వాయిదాల మీద.”

హాల్ మొహమాటపడ్డాడు.
“ట్యాంకు ఖాళీ అండీ. పని పూర్తయ్యాక
పదకొండేళ్ళుగా చుక్క పోయలేదు.
ఎక్కడికైనా ట్రెయిలర్ మీదే.”

“మేం రెండు గాలన్లు పోసి పంపేవాళ్ళం” అన్నాడాయన.
మడత కుర్చీ విప్పి
మెరిసే పొగగొట్టాల వెనక వేసుకుని
కూర్చున్నాడు.