రెండు మిల్లీమీటర్లు

మూడు వజ్రపు పలకలు నా దగ్గర.
గరుకుది, నడిమిది, నున్నది.
పేరుకే వజ్రాలు, వేలికి ఉప్పుకాగితంలా తగులుతాయి.
ఒజియేరి కొండరోడ్డు మీద
ముప్పై ఒక్క ఏళ్లు బస్సు నడిపి
రిటైరైన మర్నాడు తెప్పించుకున్నాను.
బారు ముందు ముసలాళ్లు నవ్వారు,
"బాకీజియో, మామూలు రాయి చాలదా?
నగల కొట్టు పెడతావా?" అని.

కోణం ఎలా తెలుస్తుందని పిల్లలు అడుగుతారు.
బిగించే చట్రం లేదు, కొలబద్ద లేదు.
మలుపులో బస్సు ఎంత వాలితే
వెనక సీట్లో గుడ్లబుట్ట ఒరగదో
నా మణికట్టుకు తెలుసు.
ఆ వాలే ఇదీ.
పిడి దగ్గర మొదలెట్టి మొనదాకా
పాల మీద మీగడ తీసినట్టు లాగాలి.
ఒత్తకూడదు.
కొత్త వజ్రానికి ఆకలెక్కువ.

గవీనా నవంబరులో వచ్చింది, వానలో.
పొట్టేలు కొమ్ము పిడి,
మా సార్డీనియా కొండల మిర్తో ఆకులాంటి అలుగు,
పిడి మీద వాళ్ల నాన్న పేరులో మొదటి అక్షరం.
వాదర మధ్యలో మాత్రం ఒక గండి,
ఆవగింజ ఒదిగేంత.

ఉండనీ, అన్నాను.
రొట్టె కోస్తుంది, గొర్రెపాల చీజు కోస్తుంది.
గండిని ఎవరూ తీయలేరమ్మా,
చుట్టూ ఉన్న మంచి ఇనుమంతా
దాని లోతుకు దిగిరావాలి.
ఒకటిన్నర మిల్లీమీటరు పోతుంది.
మీ నాన్న గుర్తు కూడాను.

"రెండు తీయి" అంది.

కాసేపు పలకల వంకే చూసింది.
"నాకప్పుడు పదకొండేళ్లు. అమ్మా నేనూ లోపల.
తలుపు సందులోంచి ఇది దూర్చి
గడియ ఎత్తబోయాడు.
ఇనుము ఇనుమును కొరికిన చప్పుడు.
గడియే గెలిచింది."
అంతే.
కాఫీ ఇస్తే ముట్టుకోలేదు.

నేనెరుగుదును ఆయన్ని.
నా వెనక, మొదటి సీట్లో కూర్చునేవాడు.
ఊరి సంతకు వెళ్తూ కడుపుబ్బ నవ్వించేవాడు.
దిగేటప్పుడు నా దోసిట్లో బాదంపప్పులు పోసేవాడు,
ఇంట్లో వాళ్లకు, అని.

నాలుగు సాయంత్రాలు పట్టింది.
మొదట వాదరను గరుకు పలక మీద
నిట్టనిలువుగా ఆనించి రాశాను.
పదును పెట్టడం కాదది, పదును చంపడం;
చెయ్యి తిరిగినవాడికి ఒళ్లు జలదరిస్తుంది.
నీళ్లు బూడిదరంగు తిరిగాయి.
రెండోనాటికి ఆవగింజ గసగస అయింది.
మూడోనాడు కంటికి లేదు, గోటికి ఉంది.
నాలుగోనాడు గోటికీ లేదు.

ఇంకా అర మిల్లీమీటరు బాకీ.
గండి లేని చోట, మంచి ఇనుములోంచి.
తీశాను.
ఆ అర ఎవరి వంతో ఆమెకు చెప్పలేదు.
బాదంపప్పుల వంతు అది.

తర్వాతంతా తెలిసిన దారే.
అంచుకు నీలం సిరా పూసి,
ఎక్కడ చెరుగుతోందో చూసుకుంటూ,
ఇటు పది లాగుళ్లు, అటు పది.
రెండోవైపున సన్నగా మీసం లేస్తుంది,
కంటికి ఆనదు, బొటనవేలికే దొరుకుతుంది.
నున్న పలక మీద దాన్ని బుజ్జగించి దించాను.
కంపెనీ ఇచ్చిన తోలు బెల్టు మీద తోమాను.
పాత టైంటేబుల్ కాగితం గాలిలో పట్టుకుంటే
ఆరూ నలభై బస్సు చప్పుడు లేకుండా రెండయింది.

ఇప్పుడది మిర్తో ఆకు కాదు.
ఆలివ్ ఆకు.

కత్తిని ఉట్టినే చేతికివ్వం మా దగ్గర,
స్నేహం తెగుతుందంటారు.
నాణెం పెట్టింది. తీసుకున్నాను.
మళ్లీ ఎప్పుడు తేవాలని అడిగింది.
వాడితే ఏడాదికోసారి,
వాడకపోతే అక్కర్లేదు, అన్నాను.
"వాడతాను. ద్రాక్షతోట ఉంది కదా."
మడిస్తే టక్కున మూసుకుంది. పాత చప్పుడే.

గిన్నెలో నీళ్లు మిగిలాయి.
రోజూ గుమ్మం పక్క పుదీనాకే పోస్తాను.
ఆ రాత్రి చెప్పులేసుకుని, రోడ్డు దాటి,
బస్టాపు వెనక కాలువ దాకా వెళ్లి
పారబోసి వచ్చాను.