తలకట్టు

పడవల మీద పేర్లు రాసే పని నాది.
నాన్న పోయాక కుంచెలు నాకొచ్చాయి,
ఎడమచేతి వాటం ముందే వచ్చింది.
కోత పడింది కూడా ఎడమవైపే.

కుట్లు విప్పిన రోజు ఫిజియో అమ్మాయి చెప్పింది:
గోడకి ఎదురుగా నిలబడు,
వేళ్లని చీమల్లా పైకి నడిపించు,
నొప్పి ఆపిన చోట ఆగు,
రేపు ఇంకో వేలెడు.

మా ఇంట్లో ప్రతి గోడకీ ఏదో ఒకటి అడ్డం:
బీరువా, గ్యాస్ బండ, ఎవరో ఒకరి చూపు.
పెదజాలరిపేటలో వలల షెడ్డు పక్కగోడ ఖాళీగా ఉంది,
ఉప్పుగాలికి సున్నం పొలుసులుగా రాలుతూ.
వేళ్లకి నీలం అద్దుకుని నడిపించాను.
రొమ్ము దాకా వచ్చి ఆగింది.
రొమ్ము అని అలవాటుగా అనేశాను.

మర్నాడు ఇంకో గీత.
ఆ మర్నాడూ అక్కడే.
కీమో వారం ఏ గీతా లేదు.

ఎండుచేపల కాసులమ్మ బుట్ట దించింది.
"ఏటే ఇది, సముద్రాన్ని అడుగు నుంచి కడతన్నావేటి?"
నవ్వుతూనే జాకెట్లో గుడ్డముడి సర్దుకుని
తన చెయ్యి కూడా గోడకి ఆనించింది.
మూడేళ్లట. కూతురికి కూడా చెప్పలేదట.

పూర్ణామార్కెట్ దగ్గర మిషను కుట్టే మెహరున్నీసా
మా అందరికీ ఆవాలు పోసిన సంచులు కుట్టింది.
"బియ్యమైతే పురుగు పడతాయక్కా,
ఆవాలు ఒంటితో పాటు కదుల్తాయి."

గాజువాక నుంచి రెండు బస్సులు మారి
హైమావతి టీచర్ వచ్చేవారు.
తన గీత పక్కన పెన్సిలుతో తేదీ, సెంటీమీటర్లు.
"ఉజ్జాయింపుగా బతకడం నాకు రాదమ్మా."

వలలు బాగుచేసే మగాళ్లు మొదట మొహం తిప్పుకున్నారు.
తర్వాత డబ్బా అడుగున మిగిలిన రంగు
గోడ కింద పెట్టి, ఏమీ అనకుండా వెళ్లేవాళ్లు.
అందుకే మా సముద్రంలో
నారింజ ఉంది, రెండు రకాల ఎరుపు ఉంది,
ఒక చోట బొత్తిగా నప్పని పసుపుంది.

నూట ముప్ఫై నాలుగు. మే తొమ్మిది.
ఆ పైన టీచర్ గీత లేదు.
రెండు ఆదివారాలు ఎవరం వేలు ముంచలేదు.
ఆమె మీదుగా పోవాలా, పక్కనుంచి పోవాలా?
కాసులమ్మే తేల్చింది,
"అల మీదే కదే అలొస్తాది."

పోయాం.
పెన్సిలు అంకెల దగ్గర మాత్రం
అందరి వేళ్లూ వాటంతటవే పక్కకి ఒదిగాయి.

వేట నిషేధం ముగిసే ముందు రోజు
సూరాడ పోలయ్య వచ్చాడు.
"పేరు చెరిగిపోనాది. రాయగలవా?"
అడిగి, ఇసకకేసి చూశాడు.

గంగమ్మ.
మూడక్షరాలు, మూడు తలకట్లు.
కొమ్ము ఎత్తున ఉంది.
గుండ్రాలు తిరిగాయి, సున్నా నిలబడింది, ఒత్తు కుదిరింది,
తలకట్లకి చెయ్యి చాల్లేదు.
వేలెడంతే. నా మీద నాకు ఎంత కోపమొచ్చిందంటే
కుంచె నీళ్లలోకి విసరబోయాను.

కాసులమ్మ చేపలబుట్ట బోర్లించింది.
ఎక్కాను.
మెహరున్నీసా నా మోచేతి కింద అరచెయ్యి పెట్టింది,
మిషను కింద గుడ్డని నెట్టేంత మెల్లగా.

ఒకటి. రెండు.
మూడోది కొంచెం వంకరపోయింది.
తుడిచి మళ్లీ వెయ్యనా అని అడిగితే
పోలయ్య అప్పటికే తాడు విప్పుతున్నాడు.