వడపోత కాగితం

గురువారం గురువారం పొద్దున్నే
బడి వెనకాల రేకు పెట్టె తాళం తీస్తాను.
లోపల ఒక చిన్న పంపు
రాత్రనక పగలనక
ఊరి బదులు ఊపిరి పీలుస్తుంటుంది.
దాని నోటికున్న గుండ్రటి కాగితం విప్పి
కొత్తది పెడతాను.
పెట్టేటప్పుడు పాలమీగడ.
తీసేటప్పుడు, జూన్‌లో అయితే, టీ ఒలికిన మరక.
జనవరిలో, అట్లపెనం అడుగు.

మా లోయ ఎలా ఉంటుందంటే
రెండు చేతులూ దోసిలి పట్టండి.
చిటికెన వేళ్లు కలిసేచోట నది,
బొటనవేళ్ల మీద మంచు.
మీ దోసిట్లో నీళ్లు ఎలాగోలా కారిపోతాయి,
మా దోసిట్లో గాలి కారదు.
పడమటి వైపు ఒక్క సందు,
అందులోంచే నది, రైలు, లారీల రోడ్డు
భుజాలు రాసుకుంటూ దూరాలి.

నవంబరు పదిహేడున
సూర్యుడు మా వీధికి సెలవు చెప్తాడు.
దక్షిణపు కొండ చాటునే నడిచి, చాటునే దిగిపోతాడు.
మళ్లీ జనవరి ఇరవై నాలుగున
బేకరీ గోడ మీద పదకొండు నిమిషాలు.
ఈ మధ్యలో
బరువైన చలి కిందికి దిగి కూర్చుంటుంది,
వెచ్చదనం దాని నెత్తినెక్కి కూర్చుంటుంది.
కుండ మీద మూకుడు.
చిమ్నీల్లోంచి పొగ తిన్నగా లేచి
చర్చి గంట ఎత్తు దాకా వెళ్లి
దూలానికి తల తగిలినట్టు ఆగి
పక్కకి ఒరిగి
పడుకుంటుంది.

అలాంటి రోజుల్లో బళ్లో ఆటల పీరియడ్ ఉండదు.
టీచర్ పెర్నెట్ పిల్లల్ని కేబుల్ కారెక్కించి
పై ఊరికి తీసుకెళ్తుంది, ఊపిరి కోసం.
ఒకసారి నేనూ వెళ్లాను.
పైన ఎండ, స్వెటర్లు విప్పేంత.
కింద ఊరు లేదు,
బూడిద రంగు చెరువొకటి ఉంది,
కొండల దాకా, కదలకుండా.
"మా ఇల్లు మునిగిపోయిందా?" అన్నాడొకడు.
పెర్నెట్ వాడి టోపీ సరిచేసింది.
అందరం సాయంత్రం నాలుగింటికి
ఆ చెరువులోకే దిగాం.

మా ఎదురింటి ఆంతెల్మ్
నలభై ఏళ్లు రంపపు మిల్లులో చేశాడు.
బీచ్ కట్టెలు రెండేళ్లు ఆరితే గానీ పొయ్యిలో పెట్టడు.
"నా పొగ తెల్లది, లారీలది నల్లది" అంటాడు.
లారీల వాళ్లు ఫ్యాక్టరీని చూపిస్తారు.
ఫ్యాక్టరీ వాళ్లు ఒక సర్టిఫికెట్ చూపిస్తారు.
నా ఇంట్లోనూ ఉంది పొయ్యి,
దాన్ని నేనెవరికీ చూపించను.

మార్చిలో ఎడారి ఇసుక సముద్రం దాటొచ్చి
మంచు మీద పసుపు చల్లి పోతుంది.
ఏప్రిల్‌లో పుప్పొడి, వీధంతా తుమ్ములు.
జూలై ఆకాశాన్ని అసలు నమ్మకండి:
అద్దంలా కడిగినట్టుంటుంది,
కంటికి కనపడనిదేదో ఆ ఎండలోనే ఉడికి
గొంతులో గీరుతుంది.
పగలు గాలి లోయపైకి పాకుతుంది,
రాత్రి అదే గాలి వెనక్కి జారుతుంది,
అప్పు తీర్చడానికి చేసిన అప్పులా.

మొన్న జనవరిలో, మూకుడు పడి తొమ్మిదో రోజు,
పెట్టె దగ్గరికి ఆంతెల్మ్ వచ్చాడు.
"ఏదీ, చూడనీ."
చూపించాను, పట్టకారుతో పట్టుకుని.
చాలాసేపు చూశాడు,
కట్టెల్లో చెద ఉందేమో అని చూసినట్టు.
"ఇందులో నాది ఎంత?"
తెలీదన్నాను. నిజంగానే తెలీదు.
వద్దనేలోపు
బొటనవేలితో ఆ నలుపు మీద నొక్కాడు.
ఇక అది తూకానికి పనికిరాదు.

"నమూనా చెడింది" అని రాశాను.
కారణం అనే గడి ఖాళీగా వదిలేశాను.

ఆ రాత్రే దక్షిణపు వెచ్చగాలి దిగింది,
కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి,
ఊరంతటికీ తలనొప్పి, తెల్లారేసరికి
కొండలు గదిలోకొచ్చి నిలబడ్డంత దగ్గర.

ఏడాది గ్రాఫులో ఆ వారం దగ్గర గీత తెగి ఉంటుంది.
కాగితం నేను పారెయ్యలేదు.
డ్రాయర్లో ఉంది,
మీగడ రంగు వేలిముద్ర,
చుట్టూ మేమందరం.